బంతికి భాష అక్కర్లేకపోవచ్చు, కాంట్రాక్టుకు కావాలి

విదేశాల్లో ఆడబోయే ఫుట్‌బాల్ ఆటగాళ్లకు, వాళ్ల ఇళ్లవాళ్లకు భాష దగ్గర సాయపడే పనిలో రెండు మాటలు నిత్యం చెవిన పడుతుంటాయి. “ఫుట్‌బాల్‌కు భాషతో పనేంటండీ, కాళ్లే మాట్లాడతాయి” అనేది ఏజెంట్ల మాట. “అక్కడి భాష ఒక్క ముక్క రాదు, పిల్లాడు ఎలా నెగ్గుకొస్తాడో” అనేది అమ్మానాన్నల మాట. భయపడేవాళ్లను తప్పుపట్టలేం, ఆ భయంలో న్యాయం ఉంది. కాకపోతే భయమంతా మైదానం చుట్టూ తిరుగుతోంది. అసలు దెబ్బ తగిలే చోటు వేరే ఉంది. ముందు దాని సంగతే చూద్దాం.

అపోహ: భాష తెలియక పెట్టిన సంతకం గనక గొడవ వస్తే చెల్లదు.

వాస్తవం: నిక్షేపంగా చెల్లుతుంది. “నాకు ఆ భాష రాదు, ఏం రాసుందో తెలియదు” అనే వాదన ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా ముందుకు ఎన్నోసార్లు వచ్చింది. అక్కడి నిర్ణయాల్లో పదేపదే కనిపించే సూత్రం ఒకటే: చట్టపరమైన విలువ ఉన్న పత్రంలో ఏముందో చూసుకోకుండా సంతకం చేస్తే దాని బరువు చేసినవాడే మోయాలి. ఈ ఒక్క అపోహ వల్ల పోయినంత డబ్బు, పోయినన్ని సీజన్లు మిగతా అన్నీ కలిపినా పోవు. అందుకే ఇంత గట్టిగా చెప్పడం.

దెబ్బ మూడు రకాల కాగితాల్లో వస్తుంది. మొదటిది కాంట్రాక్టే. ఏజెంటు నోటితో చెప్పిన అంకెను మీరు చేతికొచ్చే జీతం అనుకుంటారు, కాగితం మీద ఉన్నది పన్ను కోయకముందు అంకె. ఇటలీలో ‘నెత్తో’ అంటే చేతికొచ్చేది, ‘లోర్దో’ అంటే కోతకు ముందుది. స్పెయిన్‌లో ‘నెతో’, ‘బ్రూతో’. పోర్చుగల్‌లో చేతికొచ్చేదాన్ని ‘లీకిదు’ అంటారు. పెద్ద జీతమైతే ఈ ఒక్క పదం దగ్గర సగానికి దగ్గరగా ఎగిరిపోవచ్చు. రెండోది రసీదు: జీతం ముట్టినట్టు అందులో రాసుంటుంది, ఖాతాలో మాత్రం ఏమీ పడదు. మూడోది అన్నిటికన్నా ప్రమాదం, ఇరుపక్షాల సమ్మతితో కాంట్రాక్టు రద్దు చేసుకుంటున్నట్టు రాసిన పత్రం. “వీసా పొడిగింపుకు కావాలి, ఇక్కడో సంతకం” అంటూ ప్రాక్టీసు అయిపోయాక, చెమట ఆరకముందే, టవల్ ఇంకా భుజానే ఉండగా ముందు పెడతారు. పైన క్లబ్ ముద్ర, కింద తేదీ, మధ్యలో ఆటగాడికి అక్షరం కూడా తెలియని లిపి. సంతకం పెట్టేసి స్నానానికి వెళ్తాడు. రావలసిన బాకీలన్నీ వదులుకున్నట్టు అందులో ఉందని అతనికి నెలాఖరుకు తెలుస్తుంది.

మరి ఏం చేయాలి? కాంట్రాక్టు ప్రతి కనీసం మూడు రోజుల ముందు చేతికి ఇవ్వమని అడగండి. ఏజెంటుతో గానీ క్లబ్బుతో గానీ సంబంధం లేని దుబాసీని మీ ఖర్చుతోనే పెట్టుకోండి. సారాంశం చెబుతానంటే వద్దనండి. ఒక్కో నిబంధననూ పైకి చదివి మీ భాషలో చెప్పించుకోవాలి. ఆ తర్వాత అంకెలన్నీ మీరు తిరిగి అప్పజెప్పాలి: జీతమెంత, ఏ తేదీకి, ఏ కరెన్సీలో, పన్ను ఎవరు కడతారు, బోనస్ ఎన్ని మ్యాచ్‌లు ఆడితే వస్తుంది, ఇంటి అద్దె, విమానం టికెట్లు ఎవరి లెక్కలో. మీరు అప్పజెప్పినదానికీ కాగితానికీ ఎక్కడ తేడా వస్తే అక్కడ ఆగిపోండి.

కాంట్రాక్టు రెండు భాషల్లో పక్కపక్కనే ఉంటే చివరి పేజీల్లో ఒక వాక్యం వెతకాలి: రెంటి మధ్య తేడా వస్తే ఏ భాషలోని పాఠం చెల్లుతుంది అన్నది. అది స్థానిక భాష వైపు మొగ్గి ఉంటే, మీరు కళ్లు చికిలించుకుని చదివిన ఇంగ్లిష్ వరుసకు విలువ లేనట్టే. వ్యవధి కూడా చూసుకోండి. ఫిఫా నిబంధనల ప్రకారం కాంట్రాక్టు మామూలుగా 5 ఏళ్లకు మించకూడదు, 18 నిండనివారికి 3 ఏళ్లే. సంతకం అయ్యాక ప్రతి పేజీకీ ఫోటో తీసి ఆ రోజే ఇంటికి పంపేయండి. తర్వాత వచ్చే ఏ చిన్న కాగితానికైనా ఒకే జవాబు: “రేపు తెస్తాను.” నిజంగా వీసా కాగితమైతే రేపటికి చెడిపోదు.

జీతం ఆగినప్పుడు కూడా భాషే అడ్డం పడుతుంది. కనీసం రెండు నెలల జీతం బాకీ పడితే కాంట్రాక్టు తెంచుకునే హక్కును ఫిఫా బదిలీ నిబంధనల్లోని 14బిస్ అనే నిబంధన ఇస్తోంది. అయితే ముందు క్లబ్బుకు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, బాకీ మొత్తం తీర్చడానికి కనీసం 15 రోజుల గడువు పెట్టాలి. నోటీసు ఎలా రాయాలో తెలియక, విసిగిపోయి విమానం ఎక్కేశాడంటే, జీతం ఎగ్గొట్టింది క్లబ్బే అయినా కాంట్రాక్టు తెంచినవాడు ఆటగాడే అని క్లబ్బు వాదిస్తుంది. నోటీసుకు పెద్ద ఇంగ్లిష్ అక్కర్లేదు. ఏయే నెలలు, ఎంత, ఏ ఖాతాకు, ఏ తేదీలోగా, నాలుగు వాక్యాలు చాలు. ఈమెయిల్లో పంపి దాని నకలు దాచుకోండి. ఇలాంటి గొడవలు తేల్చే ఫిఫా ట్రిబ్యునల్లో విచారణ ఇంగ్లిష్, ఫ్రెంచ్, స్పానిష్ భాషల్లోనే నడుస్తుంది, మిగతా భాషల్లోని కాగితాలకు అనువాదం జతచేయాలి. ఘటన జరిగి 2 ఏళ్లు దాటితే కేసు తీసుకోరు. ఏజెంటు ఫోను ఎత్తకపోతే కంగారు పడకండి, ఆటగాళ్ల సంఘాలున్నాయి. ప్రపంచవ్యాప్తంగా ఫిఫ్‌ప్రో, అందులో సభ్యత్వమున్న మన దేశ సంఘం ఎఫ్‌పీఏఐ. మన దేశానికి ఆడటానికి వచ్చిన విదేశీ ఆటగాళ్లు కూడా వాళ్లనే అడగవచ్చు.

అపోహ: అదే భాష మాట్లాడే తోటి ఆటగాడు జట్టులో ఉంటే దుబాసీ అక్కర్లేదు.

వాస్తవం: భోజనాల దగ్గర, బస్సులో అక్కర్లేదు. డాక్టర్ గదిలో మాత్రం కావాలి. మొదటి సంగతి, ఆ తోటివాడు అదే స్థానానికి పోటీలో ఉన్నవాడు కావచ్చు, మీ గాయం ఎంత లోతో అతనికి తెలియాల్సిన అవసరం లేదు. రెండోది, వైద్యం మాటలు దగ్గరి భాషల మధ్య కూడా బోల్తా కొట్టిస్తాయి. స్పెయిన్ ఆటగాడు ‘కోన్స్తిపాదో’ అంటే జలుబు చేసిందని. ఇంగ్లిష్ చెవికి అది మలబద్ధకంలా వినపడుతుంది, వెళ్లాల్సిన మందు మారిపోతుంది. ‘కోన్‌త్రాక్తూరా’ అంటే కండరం పట్టేసిందని, చాలావరకు నాలుగు రోజుల్లో సర్దుకునేది. ఇంగ్లిష్ వైద్యంలో ‘కాంట్రాక్చర్’ అంటే కండరమో కీలో బిగుసుకుపోయి ఇక సాగకపోవడం. తొడ వెనక కండరాన్ని ఇంగ్లిష్‌వాళ్లు హ్యామ్‌స్ట్రింగ్ అంటే స్పెయిన్‌లో ‘ఇస్కియోస్’ అంటారు, బ్రెజిల్‌లో ‘పోస్తెరియోర్’ అంటారు. ఇవి తెలియని మధ్యవర్తి “వెనకాల నొప్పంట” అని తేల్చేస్తాడు, ఫిజియో నడుము నొక్కి చూస్తాడు.

దీనికి భాష లేకుండా కొంత దారి ఉంది. ముందు వెనక బొమ్మలున్న మనిషి ఆకారం మీద ఆటగాడి చేత్తోనే చుక్క పెట్టించడం, నొప్పిని 0 నుంచి 10 దాకా వేళ్లతో చూపించడం, ఏ కదలికలో వస్తుందో చేసి చూపించమనడం. దుబాసీ వచ్చేలోపు ఈ మూడింటితో నెట్టుకురావచ్చు.

తలకు దెబ్బ తగిలినప్పుడు ఆ దారి కూడా పనికిరాదు. “ఇప్పుడు ఏ స్టేడియంలో ఉన్నాం? ఇది మొదటి సగమా, రెండోదా? చివరి గోల్ ఎవరు కొట్టారు? కిందటి మ్యాచ్ ఎవరితో? గెలిచామా?” అని అడిగేవి మాడక్స్ ప్రశ్నలు, మెదడు అదిరిందేమో చూడటానికి. అందుకే వాడే స్కాట్ పరీక్షలో పదాలు విని తిరిగి చెప్పాలి, నెలల పేర్లు వెనక నుంచి చెప్పాలి. బాగున్నవాడు కూడా పరాయి భాషలో నెలలు వెనక్కి చెప్పమంటే తడబడతాడు. ఆటగాడు తడబడితే, “పాపం భాష రాదు కదా” అని డాక్టర్ వదిలేయడమే ఇక్కడ అసలు ప్రమాదం. అందుకే సీజన్ మొదలవకముందే, ఆరోగ్యంగా ఉన్నప్పుడు, ఆటగాడి సొంత భాషలో ఈ పరీక్ష ఒకసారి చేసి ఆ మార్కులు ఫైల్లో పెట్టాలి. దెబ్బ తగిలిన రోజు అదే భాషలో అడిగి పోల్చాలి. దుబాసీ జవాబు అందించకూడదు, తప్పు చెబితే సరిదిద్దకూడదు, ఆగిపోతే ఆగిపోయాడనే చెప్పాలి. “ఓకేనా?” అంటే బొటనవేలు ఎత్తి చూపించడాన్ని జవాబుగా లెక్కెయ్యకూడదు.

అపోహ: భాష రాకపోతే మైదానంలో కుదురుకోలేడు.

వాస్తవం: మ్యాచ్ నడవడానికి నలభై మాటలు చాలు. వెనక నుంచి మనిషి మీద పడుతున్నాడని చెప్పడానికి ఇంగ్లండ్‌లో ‘మ్యాన్ ఆన్’ అని అరుస్తారు, జర్మనీలో ‘హింటర్‌మన్’ అంటారు. బ్రెజిల్‌లో ‘లద్రావ్’, అంటే దొంగ అని! తిరగడానికి టైముందని చెప్పాలంటే స్పెయిన్‌లో ‘సోలో’, జర్మనీలో ‘త్సైట్’. కార్నర్ దగ్గర ఇంగ్లిష్‌వాళ్లు దగ్గరి పోస్టు, దూరపు పోస్టు అంటే, స్పెయిన్, ఇటలీ వాళ్లు మొదటి పోస్టు, రెండో పోస్టు అని లెక్కపెడతారు. ఇలాంటివి నోటుబుక్కులో రాసుకుంటే రావు. బంతి వస్తుండగా తల్లో అనువాదం చేసుకునే టైము ఎక్కడిది? వీపు వెనక డిఫెండర్‌ను నిలబెట్టి, పాస్ ఇస్తూ ఆ మాట అరవాలి. మాట వినగానే ఒళ్లు కదలాలి. రోజుకు పది నిమిషాలు, రెండు మూడు వారాలు.

ఇందులో అందరికీ ఒకే లెక్క పనికిరాదు. వింగర్ మాట వింటే చాలు, పదిహేను పదాలతో నెట్టుకొస్తాడు. గోల్‌కీపర్, సెంటర్‌బ్యాక్ అరవాల్సినవాళ్లు. లైన్ ముందుకు జరగాలో, నిలవాలో, వెనక్కి తగ్గాలో ఒక్క సెకను తేడాగా చెబితే ప్రత్యర్థిని ఆఫ్‌సైడ్‌లో ఇరికించే వల చిరిగిపోతుంది. క్లబ్బులు భాషకు పెట్టే గంటలు ముందు వాళ్లకు పెట్టాలి.

కోచ్ సంగతీ అంతే. అర్జెంటీనా కోచ్ మార్సెలో బియెల్సా 2018 నుంచి 2022 దాకా ఇంగ్లండ్ క్లబ్బు లీడ్స్‌లో మీడియా ముందు దుబాసీతోనే మాట్లాడాడు, 2020లో ఆ జట్టును ప్రీమియర్ లీగ్‌కు చేర్చాడు. అతని దేశంవాడే అయిన కోచ్ పోచెట్టినో కూడా ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో విలేకరులతో దుబాసీ ద్వారానే మాట్లాడేవాడు. కాకపోతే దీనికో ఖర్చుంది. విరామం 15 నిమిషాలకు మించదు, అందులో నడక, నీళ్లు, కట్లు పోగా మిగిలిన కాస్త టైములో ప్రతి మాటా రెండుసార్లు చెప్పాలి. కాబట్టి దుబాసీ ఉన్న కోచ్ మూడు విషయాలు చెప్పి ఆపేయాలి, బోర్డు మీద అయస్కాంతం బిళ్లలు జరిపి చూపించాలి.

మిగతావి చకచకా.

“భాష బాగా వచ్చేదాకా వీసా రాదు.” బ్రిటన్ క్రీడాకారుల వీసాకు, ఏడాదికి మించి ఉండేవాళ్లకు పెట్టిన ఇంగ్లిష్ స్థాయి ఏ1. అది అన్నిటికన్నా కింది మెట్టు: పేరు, ఊరు, రోజువారీ అవసరాలు.

“ఇంగ్లిష్ వస్తే ఎక్కడైనా చాలు.” అది ఆ క్లబ్బు డ్రెస్సింగ్ రూమ్ మీద ఆధారపడుతుంది. జపాన్ క్లబ్బులు బ్రెజిల్ ఆటగాళ్ల కోసం పోర్చుగీసు దుబాసీలను పెట్టుకుంటాయి. 2022 మార్చిలో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచిన హైదరాబాద్ జట్టునే చూడండి: కోచ్ మానోలో మార్కెజ్ స్పెయిన్ మనిషి, గోల్స్ కొట్టిన ఓగ్బెచే నైజీరియా, కీపర్ కట్టిమణి గోవా, చింగ్లెన్‌సనా మణిపూర్, ఆశిష్ రాయ్ సిక్కిం. ఇలాంటి గదిలో ఇంగ్లిష్ పనికొస్తుంది. తెలుగు అవసరమయ్యేది డ్రైవర్‌తో, వంటమనిషితో.

“రిఫరీకి మన భాష అర్థం కాకపోతే అన్యాయమైపోతాం.” 1966 ప్రపంచకప్ క్వార్టర్‌ఫైనల్లో జర్మన్ రిఫరీ బయటికి పొమ్మంటే అర్జెంటీనా కెప్టెన్ రత్తీన్ దుబాసీని పిలవమని నిమిషాల తరబడి మైదానంలోనే నిలబడిపోయాడు. ఆ టోర్నీ గందరగోళాలు చూశాకే ఇంగ్లండ్ రిఫరీ కెన్ ఆస్టన్ పసుపు, ఎరుపు కార్డుల ఆలోచన చేశాడు, 1970లో అవి అమల్లోకి వచ్చాయి. ఇప్పుడు రిఫరీ నిర్ణయం తెలియడానికి కళ్లు చాలు.

“మా ఊళ్లో ముద్దుగా అనే మాట, ఇక్కడ అంటే ఏమవుతుంది?” 2020 నవంబరులో, ఇంగ్లండ్‌లో ఆడుతున్న ఉరుగ్వే ఆటగాడు కవానీ ఒక స్నేహితుడికి ఇన్‌స్టాగ్రామ్‌లో ‘నెగ్రితో’ (నల్లోడా) అని కృతజ్ఞత చెప్పాడు. ఉరుగ్వేలో అది ఆప్యాయత. ఇంగ్లండ్‌లో దాన్ని రంగును ఎత్తిచూపే మాటగా లెక్కేశారు: 3 మ్యాచ్‌ల నిషేధం, లక్ష పౌండ్ల జరిమానా పడ్డాయి. సొంత భాషలో పెట్టే పోస్టును కూడా ఆ దేశం మనిషికి ఒకసారి చూపించాకే పెట్టండి.

“ఫోన్లో అనువాదం యాప్ ఉందిగా.” కూరగాయల కొట్టుకు వాడుకోండి. ‘కాదు’ అన్న ఒక్క మాట జారిపోతే కాంట్రాక్టు అర్థం తలకిందులవుతుంది, డ్రెస్సింగ్ రూమ్ రొదలో యాప్‌కు మాటే వినపడదు.

ఇక అమ్మానాన్నలు తప్పకుండా అడిగేది: బ్యాగులో ఏం పెట్టి పంపమంటారు? పచ్చళ్లతో పాటు ఒక చిన్న కార్డు పెట్టండి. ఒకవైపు ఇంగ్లిష్‌లో, రెండోవైపు ఆ దేశపు భాషలో రాయించండి: పూర్తి పేరు, రక్తం గ్రూపు, పడని మందులు, పాత గాయాలు, వేసుకునే మాత్రలు, క్లబ్ డాక్టర్ నంబరు, దుబాసీ నంబరు, యూరప్ అయితే అత్యవసర నంబరు 112. దాన్ని లామినేషన్ చేయించి, కిట్ బ్యాగులో కాకుండా పర్సులో పెట్టమనండి. కిట్ బ్యాగు స్టేడియంలోనే ఉండిపోతుంది, పర్సు ఆసుపత్రి దాకా వెంట వస్తుంది.