మోకాలి ఆపరేషన్ ముందు హెపటైటిస్ సంగతి దాచకండి (అపోహలు - వాస్తవాలు)

మొన్న మళ్ళీ అదే జరిగింది. ప్రీ-అనస్థీషియా చెకప్ అయ్యాక పెద్దావిడ బయటికెళ్ళారు, కొడుకు మాత్రం వెనక్కొచ్చి తలుపు దగ్గరగా వేసి "మేడమ్, అమ్మకి హెపటైటిస్ సి ఉందండి, దయచేసి ఫైల్లో రాయకండి, తెలిస్తే మోకాలు మార్చరంట" అన్నాడు. హెపటైటిస్ బి, సి అంటే లివర్‌ని దెబ్బతీసే వైరస్ జబ్బులు. మత్తు డాక్టర్‌గా ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. తల్లి నొప్పితో రాత్రిళ్ళు నిద్రపోవట్లేదు, డేట్ చేజారిపోతుందేమోనని ఆ అబ్బాయి భయం, అది నాకర్థమవుతుంది. ఆ భయం పుట్టించిన పుకారు మీదే నాకు ఒళ్ళుమంట.

అపోహ: వైరస్ ఉందని తెలిస్తే ఆపరేషన్ చెయ్యరు, దాచేస్తే గట్టెక్కుతాం

చేస్తారు. బి ఉన్నవాళ్ళకీ సి ఉన్నవాళ్ళకీ మోకాళ్ళు, తుంటి మారుస్తూనే ఉన్నారు. మాక్కావలసింది లివర్ ఎంతవరకు దెబ్బతింది, ట్రీట్మెంట్ జరిగిందా అన్నదే. ట్రీట్మెంట్ లేని హెపటైటిస్ సితో కీలు మార్పించుకుంటే ఇన్ఫెక్షన్, ఇతర ఇబ్బందులు ఎక్కువని, ముందే మందులు వాడినవాళ్ళలో అవి తక్కువని స్టడీల్లో కనిపించింది. ఎందుకంటే లివర్ పాడైతే అది తయారుచేసే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ తగ్గి గాయం త్వరగా మానదు, రక్తం గడ్డకట్టే ప్రోటీన్లు తగ్గుతాయి, స్ప్లీన్ (ప్లీహం) పెరిగి ప్లేట్‌లెట్స్ పడిపోతాయి, మోకాలి లోపల రక్తం చేరుతుంది, అక్కడ బాక్టీరియా పట్టిందంటే ఇంప్లాంట్ మీద పొరలా అంటుకుపోతుంది, యాంటీబయాటిక్ దానికి సరిగ్గా అందదు. ఒక్కోసారి పెట్టిన కీలు తీసేసి, వారాల తరబడి ఇంజెక్షన్లు చేసి, మళ్ళీ ఇంకోటి పెట్టాల్సొస్తుంది. అది పడ్డవాళ్ళని చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నా.

అదే సి వైరస్‌కి ఇప్పుడు చాలామందికి 12 వారాల మాత్రలు చాలు, 100 మందిలో 95 మందికి పైగా నయమవుతుంది. అరిగిన మోకాలు ఎమర్జెన్సీ కాదు, కొన్ని నెలలు ఆగగలదు. ముందు లివర్, తర్వాత మోకాలు, అంతే.

మా పిన్నికీ ఇదే జరిగింది. 1980ల్లో కాన్పప్పుడు ఎక్కించిన రక్తం నుంచే హెపటైటిస్ సి వచ్చుంటుంది, ఈ వైరస్‌ని కనుక్కున్నదే 1989లో, ఇక అప్పట్లో రక్తాన్ని పరీక్షించే దారేది. ముప్పై ఏళ్ళకి పైగా ఏమీ తెలీలేదు, మోకాళ్ళ ఆపరేషన్ కోసం టెస్టులు చేస్తే బయటపడింది. "ఇన్నేళ్ళు ఏం చెయ్యనిది ఇప్పుడేం చేస్తుందే, ముందు నా కాళ్ళ సంగతి చూడు" అని కోప్పడింది. ఎల్ఎఫ్‌టీ (లివర్ పనితీరు చూసే రక్త పరీక్ష) నార్మలే. ప్లేట్‌లెట్స్ మాత్రం తక్కువగా 95 వేలే, ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో చూసే స్కాన్) చేయిస్తే సిరోసిస్, అంటే లివర్ మచ్చలుపడి గట్టిపడటం, అప్పటికే మొదలైందని తేలింది. అందుకే ఎల్ఎఫ్‌టీ నార్మల్ కదా అని ఎవరన్నా ధీమాగా అంటే నేనొప్పుకోను, ప్లేట్‌లెట్స్ చూపించమంటా. పిన్ని వాకర్ పట్టుకుని నెలలు గడిపింది, ఫోన్ చేసినప్పుడల్లా నన్ను తిట్టింది, కోర్సు పూర్తిచేసి వైరస్ పోయాకే మోకాలు మార్పించుకుంది. వాపు తగ్గడానికి కాస్త ఎక్కువ టైం పట్టింది గానీ కుట్లు శుభ్రంగా మానాయి. వైరస్ పోయినా సిరోసిస్ ఉన్నవాళ్ళకి ఆరు నెలలకోసారి లివర్ స్కాన్ తప్పదు, అది ఇప్పటికీ నేనే గుర్తుచేస్తుంటా.

అపోహ: ఆపరేషన్ ముందు హెపటైటిస్ బి మాత్రలు కూడా ఆపాలి

రక్తం పలచబడే మందులు ఆపమంటే టెనోఫోవిర్, ఎంటెకావిర్ లాంటి హెపటైటిస్ బి మాత్రలు కూడా ఆపేసి వస్తారు. వాటిని సొంతంగా ఆపొద్దు, వైరస్ ఒక్కసారిగా విజృంభించి కామెర్లు, లివర్ ఫెయిల్యూర్ దాకా వెళ్ళొచ్చు. ఆపరేషన్ రోజు పొద్దున ఎలా వేసుకోవాలో మమ్మల్నడగండి.

అపోహ: పారాసిటమాల్ లివర్‌కి విషం, దానికంటే డైక్లోఫెనాక్ నయం

పూర్తిగా తలకిందులు. సిరోసిస్ ఉన్నవాళ్ళకి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలతోనే కిడ్నీలకి, కడుపులో రక్తస్రావానికి ప్రమాదం. మద్యం ముట్టకపోతే రోజుకి 2 గ్రాములు దాటకుండా పారాసిటమాలే మేలు, అదీ డాక్టర్ చెప్పిన డోసులోనే.

అపోహ: ఇంట్లోవాళ్ళకి అంటుకుంటుంది, కంచం గ్లాసు వేరు చెయ్యాలి

అక్కర్లేదు. కలిసి తినొచ్చు, పట్టుకుని నడిపించొచ్చు. రేజర్లు, బ్రష్‌లు, గోళ్ళ కట్టర్లు మాత్రం ఎవరివి వాళ్ళకే. బికి టీకా ఉంది, ఇంట్లోవాళ్ళు వేయించుకోండి. సికి లేదు.

అపోహ: యాంటీ-హెచ్‌సీవీ పాజిటివ్ అంటే వైరస్ ఇంకా ఉన్నట్టే

ఈ టెస్ట్ చూసేది హెపటైటిస్ సి వైరస్ (హెచ్‌సీవీ)ని కాదు, దానిమీద ఒంట్లో తయారైన యాంటీబాడీని. జబ్బు నయమయ్యాక కూడా అది ఏళ్ళ తరబడి పాజిటివ్‌గానే చూపిస్తుంది. వైరస్ ఉందో లేదో చెప్పేది హెచ్‌సీవీ ఆర్ఎన్ఏ టెస్ట్. ఆ అబ్బాయిని కూర్చోబెట్టి అడిగితే తేలిందేంటంటే వాళ్ళమ్మ కొన్నేళ్ళ క్రితమే మాత్రల కోర్సు మొత్తం వేసుకున్నారు, తర్వాత ఆర్ఎన్ఏ చేయించలేదు, ఇంకోచోట మళ్ళీ యాంటీబాడీ పాజిటివ్ అని వచ్చేసరికి మందు పనిచెయ్యలేదనుకుని అప్పట్నుంచి దాస్తూ వస్తున్నారు. ఆరోజే శాంపిల్ పంపించాం. నెగటివ్. ఫైబ్రోస్కాన్ కూడా బాగానే వచ్చింది, సర్జన్‌కి అంతా చెప్పాం, ఆపరేషన్ డేట్ ఒక్కరోజు కూడా జరపాల్సిన పని రాలేదు.