మసకకూ ఓ లెక్కుంది

పెన్సిల్‌ని ముక్కు వైపు నుంచి బాగా దగ్గరగా ఫొటో తీస్తే ములుకు మీది గరుకు కూడా తెలుస్తుంది. వెనక చెక్క మీద అచ్చేసిన అక్షరాలు మాత్రం చదవడానికి వీల్లేకుండా పోతాయి. ఇదంతా ఖరీదైన లెన్స్ మహిమ అనుకుంటాం గానీ, ఇందులో దూరానిదే పెద్ద వాటా.

లెన్స్ ఒకసారికి ఒక దూరాన్నే కచ్చితంగా పట్టుకోగలదు. దానికి కొంచెం ముందూ వెనకా ఉన్నవీ మన కంటికి స్పష్టంగానే తోస్తాయి. ఈ మందాన్నే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటారు. వస్తువుకు దగ్గరయ్యేకొద్దీ ఇది చకచకా పలచబడిపోతుంది. కెమెరాలో బొమ్మ పడే పలకను సెన్సర్ అంటారు. 36 మి.మీ. వెడల్పున్న సెన్సర్ మీద వస్తువు అసలు సైజులోనే పడేలా, బాగా దగ్గర నుంచి తీసే మాక్రో లెన్స్‌తో తీశామనుకోండి. అపర్చర్, అంటే కాంతి లోపలికొచ్చే లెన్స్ రంధ్రం, ఎఫ్/2.8 అయితే (ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) స్పష్టంగా వచ్చే పొర మందం మిల్లీమీటరులో మూడో వంతు. గుండుసూది తలకాయ కూడా పూర్తిగా అందులో పట్టదు.

అపర్చర్‌ని బాగా చిన్నది చేస్తే సరి అనిపిస్తుంది. ఎఫ్/16 దగ్గర పొర సుమారు 2 మి.మీ. అవుతుంది, నిజమే. కానీ అంత చిన్న రంధ్రంలోంచి వచ్చే కాంతి వివర్తనం వల్ల పక్కలకు చెదిరి, ఫోకస్‌లో ఉన్న భాగం కూడా మెత్తబడుతుంది.

కాబట్టి ఉన్న కాస్త పొరనూ ఎక్కడ వాడుకోవాలన్నదే అసలు ప్రశ్న. తాళంచెవిని సెన్సర్‌కు సమాంతరంగా పడుకోబెడితే పళ్లన్నీ స్పష్టంగా వస్తాయి. ఏటవాలుగా తిప్పితే ఒక్క పన్ను మెరుస్తుంది, మిగతావి కరిగిపోతాయి. మొదటిది తాళంచెవిని చూపిస్తుంది, రెండోది దాని అరుగుదలను. నా ఓటు రెండోదానికే.

ఇక వెనక భాగం సంగతి. దూరాన ఉన్న ఒక దీపం ఫొటోలో ఎంత పెద్ద మసక వలయంగా పడుతుంది? దీనికో సులువైన లెక్క ఉంది. ఫోకస్ చేసిన వస్తువు పక్కన పెట్టి కొలిస్తే, ఆ వలయం వెడల్పు లెన్స్ రంధ్రం వెడల్పంత. 100 మి.మీ. లెన్స్‌కి ఎఫ్/2.8 దగ్గర ఆ రంధ్రం (100ని 2.8తో భాగిస్తే) దాదాపు 36 మి.మీ. అంటే 36 మి.మీ. మేర మాత్రమే కనిపించే ఫ్రేములో ఒక్క దీపమే ఈ చివర నుంచి ఆ చివర దాకా పరుచుకుంటుంది! వెనక ఏముందో ఇక ఎవరికీ తెలియదు, రంగు ఒక్కటే మిగులుతుంది.

అయితే అందుకోసం గదంతా ఖాళీ చేయనక్కర్లేదు. లెన్స్ నుంచి వస్తువు ఎంత దూరమో, వస్తువు నుంచి గోడ కూడా అంతే దూరంలో ఉంటే రావాల్సిన మసకలో సగం వచ్చేసినట్టే. గోడ దూరం రెట్టింపు చేస్తే మూడింట రెండు వంతులు. ఆపైన ఎంత జరిపినా మిగిలింది ఆ మూడో వంతే. గోడకు ఆనించిన బొత్తాన్ని మూరెడు ముందుకు తెస్తే చాలు, పని చాలావరకు అయిపోతుంది.

మసకబారినంత మాత్రాన వెనకది మాయమైపోదు. కన్ను ముందు వెలుతురు వైపే పరిగెడుతుంది కనుక, మూలనున్న ఒక తెల్లటి మచ్చ బొత్తాన్ని మింగేయగలదు. కెమెరాను రెండు సెంటీమీటర్లు పక్కకు జరిపి చూడండి. కెమెరా నుంచి బొత్తం ఎంత దూరమో, బొత్తం నుంచి వెనకది దానికి పదింతల దూరంలో ఉంటే, బొత్తం ఉన్నచోటే ఉండగా మచ్చ ఇరవై సెంటీమీటర్లు జరిగినట్టవుతుంది. మీట నొక్కే ముందు వస్తువును కాదు, దాని వెనక్కి చూడాలి.

ఫోన్లకు ఈ సౌకర్యం తక్కువ. మెయిన్ లెన్స్ రంధ్రమే 4, 5 మి.మీ. ఉంటుంది కాబట్టి, 4 సెం.మీ. మేర తీసిన ఫొటోలో మసక వలయం ఫ్రేములో పదో వంతుకు అటూ ఇటూగా ఆగిపోతుంది. పోర్ట్రెయిట్ మోడ్ ఆ లోటును లెక్కలు కట్టి పూడుస్తుంది, కళ్లజోడు ఫ్రేమూ గాజు గ్లాసు అంచూ వచ్చేసరికి తడబడుతుంది. పైగా మరీ దగ్గరకు వెళితే చాలా ఫోన్లు వాటంతటవే అల్ట్రావైడ్ లెన్స్‌కు, అంటే ఎక్కువ వెడల్పు మేర చూపించే లెన్స్‌కు, మారిపోతాయి. దాని రంధ్రం ఇంకా చిన్నది, వెనకనున్న సామానంతా ఫొటోలోకి వచ్చేస్తుంది. అలా మారినట్టు కనిపిస్తే ఫోన్‌ను కాస్త వెనక్కి తీసి, మెయిన్ లెన్స్‌తోనే తీసుకుని, తర్వాత చుట్టూ కత్తిరించుకోవడం మేలు.