147573952589676412927: అపోహలు – వాస్తవాలు

డిగ్రీ పిల్లలకు సంఖ్యా సిద్ధాంతం మొదలుపెట్టే రోజు బోర్డు మీద ఈ 21 అంకెలూ రాస్తాను. ఇది 2⁶⁷ – 1. "ప్రధాన సంఖ్యేనా?" అని అడిగితే ఏటా అవే జవాబులు వస్తాయి.

అపోహ: చివర 7 ఉంది, 3తో భాగం పోదు, 11తోనూ పోదు. కాబట్టి ప్రధాన సంఖ్యే.

వాస్తవం: అంకెలు కూడితే 109, కనుక 3తో పోదన్నది నిజమే. కానీ దీని అతి చిన్న కారణాంకమే 193707721. అంతకంటే చిన్న ఏ ప్రధాన సంఖ్యతో భాగించినా శేషం మిగులుతుంది.

అపోహ: 67 ప్రధాన సంఖ్య కదా, 2⁶⁷ – 1 కూడా అంతే.

వాస్తవం: 2¹¹ – 1 = 2047 = 23 × 89. పిల్లల్ని ఏమనగలం, 1644లో ఫ్రెంచి గణితవేత్త మెర్సెన్ అంతటివాడే, 2ⁿ – 1 ప్రధాన సంఖ్య అయ్యే n విలువల జాబితాలో 67ను పొరపాటున చేర్చి, ఉండాల్సిన 61ని వదిలేశాడు.

అపోహ: కారణాంకాలు చూపించనిదే ప్రధాన సంఖ్య కాదని చెప్పలేం.

వాస్తవం: క్లాసులో ఎవరూ ఒక పట్టాన ఒప్పుకోనిది ఇదే. 91 తీసుకోండి. అది ప్రధాన సంఖ్యే అయితే 2⁹⁰ని 91తో భాగించినప్పుడు శేషం 1 రావాలి. ఇది ఫెర్మా సూత్రం. 2¹² = 4096 = 91 × 45 + 1. అంటే ప్రతి 12 ఘాతాలకూ శేషం మళ్లీ 1కి వస్తుంది. 90లో ఏడు పన్నెండులు పోతే మిగిలేది 2⁶, అంటే 64. శేషం 1 కాదు. 7 × 13 ఊసెత్తకుండానే 91 పని అయిపోయింది! తిరగేసి మాత్రం వాడకండి. 2³⁴⁰ని 341తో భాగిస్తే శేషం 1 వస్తుంది, అయినా 341 అంటే 11 × 31.

మన 21 అంకెల సంఖ్య ప్రధాన సంఖ్య కాదని ఫ్రెంచి గణితవేత్త లూకా 1876లో ఇంకో రకం పరీక్షతో తేల్చాడు. కారణాంకం ఒక్కటీ చేతిలో లేదు. 27 ఏళ్ల తర్వాత, 1903లో, అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశంలో గణితవేత్త కోల్ ఆ కారణాంకాలను బయటపెట్టాడు: 193707721 × 761838257287. నోరు విప్పకుండా బోర్డు మీద గుణించి కూర్చున్నాడని చెబుతారు. కథ సంగతెలా ఉన్నా, గుణకారం మీరే చేసి చూసుకోవచ్చు.

అపోహ: అన్ని సంఖ్యలతోనూ వరసగా భాగించుకుంటూ పోవాల్సిందే.

వాస్తవం: అక్కర్లేదు. ఈ సంఖ్యకు కారణాంకం ఏదైనా 134తో, అంటే 2 × 67తో, భాగిస్తే 1 మిగలాలి. 193707721 = 134 × 1445580 + 1.

అపోహ: ఇప్పుడు కంప్యూటర్లున్నాయి, ఎంత పెద్ద సంఖ్యనైనా విడగొట్టేస్తాయి.

వాస్తవం: 21 అంకెలైతే లాప్‌టాప్‌కు చిటికెలో పని. విడగొట్టమని సవాలుగా ఇచ్చిన 250 అంకెల సంఖ్య ఆర్‌ఎస్‌ఏ-250ని 2020లో విడగొట్టడానికి మాత్రం, ఒక్క ప్రాసెసర్ కోర్ మీద లెక్కేస్తే, దాదాపు 2,700 ఏళ్ల పని పట్టింది. మరోపక్క 2024లో 2¹³⁶²⁷⁹⁸⁴¹ – 1 ప్రధాన సంఖ్య అని తేలింది. దానికి 4,10,24,320 అంకెలు. అక్కడ విడగొట్టే పనే లేదు, నిర్ధారణకు వాడింది లూకా పరీక్షకు మెరుగుపరిచిన రూపం.