జొరమొస్తే ఏటని సెప్పాల?

ఎనిమిదేళ్ల పాప ఒళ్ళో చిన్న ఆల్బమ్ పెట్టుకుని కూచుంది. ఒక ఫొటోలో మంచు కప్పిన పెరడు, ఒకదాంట్లో నల్లకుక్క, ఇంకోదాంట్లో ఒక గదిలో పక్క పరిచిన ఖాళీ మంచం. ఆ మంచం ఫొటో దగ్గరే ఎక్కువసేపు ఆగేది. వేలితో దుప్పటి మీది పువ్వులు లెక్కపెట్టి, మళ్లీ మొదటి పేజీకి వచ్చేది. అక్కడ ఒక ఆడమనిషి, ఒక మగమనిషి పక్కపక్కన నిలబడి నవ్వుతుంటారు. కింద ఇంగ్లీషు అక్షరాల్లో ‘అమ్మ’, ‘నాన్న’ అని రాసి ఉంది.

కొన్నేళ్ల కిందట శ్రీకాకుళంలో చూసిన దృశ్యం ఇది. పాపను దత్తత తీసుకోవడానికి వస్తున్న ఆ విదేశీ దంపతులకూ పాపకూ మధ్య మాట అందించడానికి నన్ను రమ్మన్నారు. వాళ్లది ఏ దేశమో, పాప ఏ హోమ్‌లో ఉండేదో రాయడం లేదు. ఇలాంటి పిల్లల ఆనవాళ్లు బయటపెట్టకూడదని చట్టం చెబుతోంది, చెప్పకపోయినా నేను రాసేదాన్ని కాదు. వాళ్లు వచ్చే ముందురోజు పాప నన్ను అడిగిన మాట మాత్రం రాస్తాను. “ఆలకి తెలుగు రాదట కదా మేడం. మరి నాకు జొరమొస్తే ఏటని సెప్పాల?”

ఆ ప్రశ్న ఒక ఎనిమిదేళ్ల పిల్ల నోటి దాకా ఎలా వచ్చిందన్నదే ఈ కథనం. భూగోళం అవతల నుంచి ఇద్దరు మనుషులు విమానాలు మారి విశాఖలో దిగి, కారులో శ్రీకాకుళం దాకా వచ్చి మన పిల్లను తీసుకెళ్తున్నారంటే, దాని వెనక డెబ్భై ఏళ్ల ప్రపంచ చరిత్ర ఉంది. మన ఇళ్లల్లోని పాత నమ్మకం ఒకటి కూడా ఉంది.

ముందు మన సంగతి. దత్తత అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది వంశం, ఆస్తి, తలకొరివి. విజయనగరం వాళ్లకైతే ఇది మరీ బాగా తెలుసు. 1897లో మహారాజు ఆనంద గజపతి వారసులు లేకుండా కన్నుమూశాక ఆయన తల్లి ఒక బాలుణ్ణి దత్తత తీసుకున్నారు. ఆ దత్తత చెల్లుతుందా చెల్లదా అని దావా ఏళ్ల తరబడి నడిచింది. గురజాడ అప్పారావు ఆనంద గజపతి సోదరి అయిన రీవా మహారాణి దగ్గర కార్యదర్శిగా ఉంటూ ఆ సంస్థానం దావా కాగితాలతోనే చాలాకాలం గడిపారు. ఆ వాదనలన్నీ గద్దె చుట్టూ తిరిగినవే. పిల్లవాడికి ఏం కావాలి అన్న ప్రశ్న ఆ రోజుల్లో ఏ కోర్టుకూ రాలేదు, సామాన్యుల ఇళ్లల్లోనూ రాలేదు. కొడుకు లేకపోతే పున్నామ నరకం అన్నారు కాబట్టి కొడుకునే తెచ్చుకునేవారు, అదీ అయినవాళ్ల ఇంట్లోంచి.

1956లో వచ్చిన హిందూ దత్తత చట్టం కొంత మార్చింది. ఆడపిల్లను కూడా దత్తత చేసుకోవచ్చంది. పెళ్లికాని స్త్రీ, భర్త పోయిన స్త్రీ కూడా తన పేరనే తీసుకోవచ్చంది. దత్త హోమం తప్పనిసరి కాదు, ఇచ్చి పుచ్చుకోవడం జరిగితే చాలంది. కానీ ఆచారం ఉంటే తప్ప పదిహేనేళ్లు నిండిన పిల్లల్ని తీసుకోకూడదంది. ఇక ముస్లింలు, క్రైస్తవులకు 1890 నాటి గార్డియన్ చట్టమే దిక్కయింది. దాని కింద వాళ్లు పిల్లకు సంరక్షకులు అవుతారు, చట్టం లెక్కలో తల్లిదండ్రులు కారు. విదేశీయులు కూడా చాలాకాలం ఈ గార్డియన్ చట్టం కిందే మన పిల్లల్ని తీసుకెళ్లి, వాళ్ల దేశంలో దత్తత పూర్తి చేసుకునేవారు.

దేశాల మధ్య దత్తత పెద్దఎత్తున మొదలైంది కొరియా యుద్ధం తర్వాత. 1955లో అమెరికాలోని ఒరెగాన్‌కు చెందిన హోల్ట్ దంపతులు ఎనిమిది మంది కొరియా అనాథల్ని దత్తత తీసుకున్నారు. అందుకు అమెరికా కాంగ్రెస్ ప్రత్యేకంగా ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. ఆ తర్వాత దశాబ్దాల్లో దక్షిణ కొరియా నుంచి బయటికి వెళ్లిన పిల్లలు రెండు లక్షల దాకా ఉంటారని అంచనా. 1975 ఏప్రిల్‌లో సైగాన్ పడిపోయే ముందు వియత్నాం నుంచి రెండున్నర వేల మందికి పైగా పిల్లల్ని విమానాల్లో తరలించారు. ఆ రోజుల్లో తల్లిదండ్రులు రానక్కర్లేదు. ఎవరో ఎస్కార్ట్ పిల్లల్ని విమానంలో తీసుకెళ్లి ఎయిర్‌పోర్టులో అప్పగించేవారు. పార్సిల్ అందుకున్నట్టే ఉండేదేమో. పిల్ల ఎక్కడ పుట్టిందో, ఏం తినేదో, ఏ భాషలో ఏడ్చేదో తెలియకుండానే వాళ్లు అమ్మానాన్నలయ్యేవారు.

మన దేశంలో ఈ వ్యవహారానికి ఒక దారి ఏర్పడింది ఒక ఉత్తరం వల్ల. విదేశీ దత్తతల పేరుతో అక్రమాలు జరుగుతున్నాయని లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది 1982లో సుప్రీంకోర్టుకు ఉత్తరం రాశారు. కోర్టు దాన్నే పిటిషన్‌గా తీసుకుంది. 1984 ఫిబ్రవరి 6న జస్టిస్ పి.ఎన్. భగవతి తీర్పు ఇచ్చారు. పిల్లకు మన దేశంలోనే ఇల్లు దొరుకుతుందేమో ముందు చూడాలి, దొరక్కపోతేనే విదేశానికి పంపాలన్నది ఆ తీర్పు సారం. పంపేదేదో మూడేళ్లు నిండకముందే పంపితే మంచిదని, ఊహ తెలియకముందైతే కొత్తచోట కలిసిపోవడం తేలికని కూడా కోర్టు అంది. ఏడేళ్లు దాటిన పిల్లల్నీ ఇవ్వొచ్చు గానీ వాళ్ల ఇష్టం కనుక్కోవాలంది. అంటే ఎదిగిన పిల్ల అప్పటికి ఒక మినహాయింపు. ఆ తీర్పు దారిలోనే 1990లో కేంద్రంలో దత్తత వ్యవహారాలు చూసే ‘కారా’ ఏర్పడింది.

ఆంధ్రప్రదేశ్ పేరు ఈ చరిత్రలోకి వచ్చిన తీరు మాత్రం తలచుకుంటే బాధేస్తుంది. 1999లో ఒకసారి, 2001లో మరోసారి, లంబాడీ తండాల్లో పేద తల్లుల చేతిలో కొద్దిపాటి డబ్బు పెట్టి ఆడశిశువుల్ని తెచ్చి, విదేశీ దత్తతకు సిద్ధం చేస్తున్న బాగోతం బయటపడింది. హైదరాబాద్‌లోని దత్తత సంస్థల మీద కేసులు పడ్డాయి. తల్లిదండ్రులే మనస్ఫూర్తిగా వదులుకున్నారని ఒక కాగితం మీద వేలిముద్ర ఉంటే చాలు, పిల్ల విమానం ఎక్కేది. 2001లో రాష్ట్ర ప్రభుత్వం అలా వదులుకున్న పిల్లల్ని దత్తతకు ఇవ్వడాన్నే ఆపేసింది. అప్పటికే ఫొటో చూసి, పేరు పెట్టుకుని కూచున్న విదేశీ దంపతుల ఫైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఈ రోజు విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో దత్తత ఫైలులో ప్రతి కాగితాన్నీ ముగ్గురు నలుగురు చూస్తున్నారంటే, విసుగు పుట్టేంత ఆలస్యమవుతోందంటే, దాని వెనక ఆ తండాల తల్లులున్నారు. ఆలస్యాన్ని తిట్టుకునేవాళ్లు ఈ సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలని నా మనవి.

దేశాల మధ్య దత్తతల మీద 1993లో హేగ్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందంలో మన దేశం 2003లో చేరింది. 2014లో సుప్రీంకోర్టు షబ్నమ్ హష్మీ కేసులో, మతంతో పనిలేకుండా ఎవరైనా బాలల న్యాయ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని చెప్పింది. 2015లో ఆ చట్టమే కొత్తగా వచ్చింది. అదే ఏడాది నుంచి దరఖాస్తులన్నీ ఆన్‌లైన్‌లోకి వెళ్లాయి. 2022 సెప్టెంబర్ 1 నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా కలెక్టర్.

ఇక ఎదిగిన పిల్లలు హోముల్లోకి ఎలా వస్తారన్నది. పురిట్లో వదిలేసిన శిశువు కథ వేరు, ఆరేళ్ల పిల్ల కథ వేరు. వలస వెళ్లినచోట తండ్రి పోతాడు, తల్లి ఇంకొకరితో వెళ్లిపోతుంది, పిల్ల అమ్మమ్మ దగ్గర మిగులుతుంది. అమ్మమ్మ కూడా పోయాక చుట్టాలు హోమ్‌లో దింపుతారు. ఇంకొందరు హౌరా–చెన్నై లైన్‌లో ఏ రైల్లోనో ఒంటరిగా దొరుకుతారు. రైల్వే పోలీసులు 1098కి చెబుతారు, అక్కణ్ణుంచి బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకెళ్తారు. ఆ సమితి విచారించి, పేపర్లో ఫొటో వేయించి, ఎవరూ రాకపోతే ‘దత్తతకు అర్హత ఉంది’ అని తేల్చాలి. చట్టం ప్రకారం రెండేళ్ల లోపు పిల్లలకు రెండు నెలలు, ఆ పైవాళ్లకు నాలుగు నెలలు గడువు. ఈ పాప విషయంలో ఆ నాలుగు నెలలు నాలుగేళ్లయ్యాయి. మేనమామ ఉన్నాడని ఎవరో ఎప్పుడో ఫైల్లో ఒక ముక్క రాశారు. ఆ మేనమామ ఒక్క పండక్కీ రాలేదు. అయినా అతను ఉన్నాడన్న ఆ ఒక్క ముక్క వల్ల పాప నాలుగేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్లకు వచ్చేసింది. అప్పుడే పుట్టిన పిల్లకు ఉండే గిరాకీ ఎనిమిదేళ్ల పిల్లకు ఉండదు. మాట కటువుగా ఉంది గానీ, జరుగుతున్నది అదే.

మన దంపతులు వేలమంది మూడేళ్లకు పైగా వరసలో ఉన్నారు, కానీ వాళ్లడిగేది రెండేళ్ల లోపు బిడ్డను. “చిన్నప్పుడైతే మన బిడ్డలా కలిసిపోతుంది, పెద్దపిల్లకి అన్నీ గుర్తుంటాయి కదండీ” అని నాతోనే ఎంతమంది అన్నారో. గుర్తుంటాయి, నిజమే. పాపకు అమ్మమ్మ చేతి చింతపండు పులుసు గుర్తుంది, వంశధార ఒడ్డున మేకల్ని తోలడం గుర్తుంది. అవన్నీ గుర్తున్న పిల్ల మన బిడ్డ కాలేదన్న లెక్క నాకు ఎప్పటికీ అర్థం కాదు.

అందుకే ఇలాంటి పిల్లల్ని ముందు ఏడు రోజులపాటు కారా పోర్టల్‌లో భారతీయులకు, ఎన్నారైలకు చూపిస్తారు. ఎవరూ ముందుకు రాకపోతే అన్ని దేశాలవాళ్లకూ చూపిస్తారు. వయసు నిబంధన కూడా కొంత సడలిస్తారు. రెండేళ్ల లోపు బిడ్డ కావాలంటే దంపతుల వయసులు కలిపి 85 దాటకూడదు. ఎనిమిదేళ్లు దాటిన పిల్లకైతే 110 దాకా ఒప్పుకుంటారు. అయిదేళ్లు దాటితే పిల్ల అంగీకారం తప్పనిసరి. 2024–25లో దేశంలో జరిగిన దత్తతలు 4,515. అందులో 4,155 దేశంలోనే, 360 విదేశాలకు. తక్కువే, కానీ మనం వద్దన్న పిల్లలు చాలామంది ఆ 360 ఇళ్లల్లోనే ఉంటారు.

మన జిల్లాల ఎన్నారై కుటుంబాలకు ఇక్కడే ఒక మాట చెప్పాలి. అమెరికాలో ఉన్న అక్కకు పిల్లల్లేరని తమ్ముడి కొడుకును ఇద్దామనుకుంటారు. పురోహితుణ్ణి పిలిచి, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దత్తత పత్రం రాయించి, వీసాకు వెళ్తారు. అక్కడ ఆగిపోతుంది. అమెరికాలో 2008 ఏప్రిల్ నుంచి హేగ్ ఒప్పందం అమల్లో ఉంది కాబట్టి ఆ పత్రం ఒక్కటే చాలదు. 2021లో మన నిబంధనల్ని సవరించాక, 1956 చట్టం కింద చేసిన దత్తతకు కూడా కలెక్టర్ పరిశీలన, కారా నిరభ్యంతర పత్రం మీదుగా ఒక దారి ఏర్పడింది. పత్రం రాయించుకోకముందే జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్లి అడగడం నయం.

ఎదిగిన పిల్లను తీసుకెళ్లడం అన్నిచోట్లా బాగా ముగియలేదు. 2010 ఏప్రిల్‌లో ఒక అమెరికన్ మహిళ తాను దత్తత తీసుకున్న ఏడేళ్ల రష్యా పిల్లవాణ్ణి, ఇక నావల్ల కాదని ఒక చీటీ ఇచ్చి, ఒంటరిగా మాస్కో విమానం ఎక్కించేసింది. అనాథాశ్రమంలో ఏళ్లు గడిపిన పిల్లకు కోపం ఉంటుంది, తిండి దాచుకునే అలవాటు ఉంటుంది, మళ్లీ వదిలేస్తారేమోనన్న భయం ఉంటుంది. అందుకు సిద్ధపడకుండా వచ్చేవాళ్లు పిల్లను రెండోసారి అనాథను చేస్తారు. అందుకే ఇప్పుడు తల్లిదండ్రులే స్వయంగా రావాలి. వెళ్లాక రెండేళ్లపాటు, మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి, పిల్ల ఎలా ఉందో రిపోర్టు పంపాలి.

ఇప్పుడు ఈ తలుపులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. ఇథియోపియా 2018లో విదేశీ దత్తత ఆపేసింది. చైనా 2024 సెప్టెంబర్‌లో ముగించింది. 2004లో దాదాపు 23 వేల మంది విదేశీ పిల్లల్ని తీసుకున్న అమెరికా 2023లో 1,300 లోపే తీసుకుంది. మన దేశంలో 2024 నవంబర్ దత్తత మాసాన్ని ఎదిగిన పిల్లల కోసం, ఫోస్టర్ కేర్ కోసం కేటాయించారు. అంటే ముందు పిల్లను కొంతకాలం ఇంట్లో ఉంచుకుని సాకడం, కుదిరితే దత్తత చేసుకోవడం. మనవాళ్లు అయినవాళ్ల పిల్లల్ని ఇలా సాకడం కొత్త కాదు. హోమ్‌లో ఉన్న పిల్ల దగ్గరికి వచ్చేసరికే చేయి వెనక్కి పోతోంది.

ఆ దంపతులు వచ్చిన రోజు పాప ఆయా వెనక నక్కింది. ఆయా, “ఓలమ్మీ, ఎల్లు, మీ అమ్మే కదేటి” అని ముందుకు నెట్టింది. వచ్చినావిడ నేల మీద కూచుండిపోయింది, పాప ఎత్తుకు సరిపోయేలా. మొదటి గంట ఎవరూ ఏమీ మాట్లాడుకోలేదు. తర్వాత నేను ముందురోజు పాప అడిగిన ప్రశ్నను ఆమెకు ఇంగ్లీషులో చెప్పాను. ఆమె సంచిలోంచి చిన్న నోట్‌బుక్ తీసి ఆయా వైపు చూసింది. ఆయా చేత్తో పాప నుదురు తాకి, “జొరం” అంది. తర్వాత కడుపు మీద చేయి పెట్టి “ఆకలి”, గుండె మీద పెట్టి “బయ్యం” అంది. ఆమె విన్నది విన్నట్టే రాసుకుని, ఒక్కోటీ పైకి చదివింది. “జొరం” దగ్గర పాప తల అడ్డంగా ఊపింది. ఆమె మళ్లీ పలికింది. మూడోసారికి గానీ పాప ఒప్పుకోలేదు.