అపోహలు - వాస్తవాలు: టపాసుల మోతకు మీ కుక్క వణికిపోతోందా?

దీపావళికి వారం ముందు నుంచే మా క్లినిక్‌లో ఫోన్ మోగుతూనే ఉంటుంది. "డాక్టర్ గారూ, మావాడికి ఏదైనా మత్తు మాత్ర రాసివ్వండి, ఆ ఒక్క రాత్రి గట్టెక్కితే చాలు" అంటారు. హైదరాబాద్‌లో అది ఒక్క రాత్రితో పోయేది కాదు. ఎండాకాలం సాయంత్రాల్లో ఉరుములు, ఆషాఢంలో బోనాల డప్పులు, నిమజ్జనానికి డీజేలు, ఏడాది పొడవునా పెళ్లి బరాత్‌లు. అందుకే ఇళ్లలో తరచూ వినే కొన్ని మాటల గురించి వివరంగా చెప్పాలనిపించింది.

అపోహ: భయపడ్డప్పుడు దగ్గరికి తీస్తే ఆ భయం ఇంకా పెరుగుతుంది.

వాస్తవం: పెరగదు. కూర్చోమంటే కూర్చోవడం కుక్క చేసే పని. మెచ్చుకుని బిస్కెట్ పెడితే మళ్లీ చేస్తుంది. భయం అలా కావాలని చేసేది కాదు, లోపల్నుంచి తన్నుకొచ్చేది. నిమిరినంత మాత్రాన ఎక్కువ కాదు.

ఒక దీపావళి రాత్రి చిక్కడపల్లిలో ఒకరింటికి వెళ్లాను. మూడేళ్ల దేశీ కుక్క బాత్‌రూమ్‌లో వాష్‌బేసిన్ కింద నక్కి ఉంది. చెవులు వెనక్కి అంటుకుపోయి, నాలుక వేలాడేసి రొప్పుతోంది. తలుపు గీకి గీకి ముందుకాలి గోరు ఒకటి చీలింది. టైల్స్ మీద సన్నటి రక్తపు చారలు. ఇంటాయన గడప బయటే నిలబడి, "దగ్గరికి పోతే అలవాటైపోతదంట సార్, అందుకే పోతలేను" అన్నాడు. పాపం, ఆయన కళ్లల్లో నీళ్లు. వాళ్లమ్మ మాత్రం ఎవరి మాటా వినకుండా లోపల పీట వేసుకుని కూర్చుంది. కుక్క ఛాతీ మీద మెల్లగా రాస్తూ "ఏం కాదు బిడ్డా, నేనున్న" అంటోంది. పావుగంటకు అది ఆమె ఒళ్లో గడ్డం ఆనించింది. బయట మోత ఆగలేదు గానీ దాని వణుకు తగ్గింది. ఆ రాత్రి ఆ ఇంట్లో సరైన వైద్యం చేసింది ఆవిడే.

కుక్క మీ దగ్గరికొస్తే ఉండనివ్వండి. మంచం కింద దూరితే మాత్రం బయటికి లాగకండి.

అపోహ: మోత దగ్గరే కట్టేస్తే రెండ్రోజుల్లో అలవాటవుతుంది.

వాస్తవం: పారిపోయే దారి లేకపోతే భయం ముదురుతుంది. మొదట బాంబులకే బెదిరిన కుక్క తర్వాత కుక్కర్ విజిల్‌కు కూడా వణుకుతుంది. టపాసు పేలిన చోటు నుంచి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ వరకు మన నిబంధనలే అనుమతిస్తున్నాయి. కీచు శబ్దాల్లో మన చెవి 20 వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే, కుక్క చెవి దాదాపు 45 వేల దాకా వింటుంది.

అలవాటు చేయడానికి పద్ధతి ఉంది. పండుగకు రెండు మూడు నెలల ముందు ఫోన్‌లో టపాసుల శబ్దం వినీ వినపడనంత చిన్నగా పెట్టండి. వినపడగానే ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన చికెన్ ముక్క ఇవ్వండి. రోజుకు ఐదు నిమిషాలు చాలు, అది నింపాదిగా తింటుంటే శబ్దం కొద్దికొద్దిగా పెంచండి. కుక్క తినడం ఆపినా, పెదాలు నాకుతూ ఆవులిస్తూ తల తిప్పుకున్నా, శబ్దం ఎక్కువైనట్టే. వెంటనే తగ్గించండి. పండుగ ముందురోజు మొదలుపెడితే లాభం లేదు.

అపోహ: మత్తు మాత్ర వేస్తే హాయిగా నిద్రపోతుంది.

వాస్తవం: ఎసిప్రోమజీన్ అనే మత్తుమందు ఒక్కటే వేస్తే ఒళ్లు కదలదు, భయం మాత్రం పోదు. పడుకున్నట్టే కనిపిస్తుంది, లోపల అన్నీ వింటూ బెదురుతూనే ఉంటుంది. అసలు భయాన్నే తగ్గించే మందులు వేరే ఉన్నాయి. కుక్క బరువు, ఆరోగ్యం చూసి డాక్టర్ రాయాలి. మామూలు రోజున ఒకసారి వేసి ఎలా పడుతుందో చూసుకోవాలి. పండుగ రోజు మోత మొదలవకముందే వేయాలి. మీరు వేసుకునే నిద్రమాత్ర సగం విరిచి పెట్టడం మాత్రం దయచేసి వద్దు.

అపోహ: ముసలిదైంది, అందుకే బెదురు.

వాస్తవం: ఏళ్ల తరబడి టపాసులను పట్టించుకోని కుక్క కొత్తగా బెదిరితే నేను ముందు నొప్పి ఎక్కడుందో వెతుకుతాను. ఉలిక్కిపడ్డప్పుడు ఒళ్లు బిగుసుకుని కీళ్లు కలుక్కుమంటే ఆ నొప్పిని చప్పుడుతో ముడిపెట్టుకుంటుంది. మెట్ల దగ్గర తటపటాయిస్తోందా, సోఫా ఎక్కడం మానేసిందా గమనించండి.

అపోహ: కిటికీలు మూస్తే సరిపోతుంది.

వాస్తవం: కొంత సాయమే. డీజే బేస్ గోడల్లోంచీ వస్తుంది. ఇంటి మధ్య గదిలో దాని పరుపు వేసి, పక్కన మీరు కట్టి విడిచిన చీరో లుంగీయో పెట్టండి. అటకెక్కించిన కూలర్ దించి ఆన్ చేయండి, ఆ ఏకధాటి హోరు బయటి చప్పుళ్లను కొంత కప్పేస్తుంది. చెవుల్లో దూది కుక్కొద్దు. దీపావళికి రాత్రి 8 నుంచి 10 వరకే కాల్చాలని సుప్రీంకోర్టు 2018లో చెప్పినా, చీకటి పడగానే మొదలైపోతుంది కాబట్టి వాకింగ్ వెలుగుండగానే ముగించండి. మెడపట్టీకి మీ ఫోన్ నంబర్ తప్పకుండా ఉండాలి.

అపోహ: వీధి కుక్కలకు ఇవన్నీ అలవాటే.

వాస్తవం: వాటికీ అంతే భయం, తలుపేసుకునే ఇల్లు లేదు. ఆ రాత్రి మీ సెల్లార్‌లోకి వచ్చి కారు కింద దూరిన కుక్కను తరమొద్దని వాచ్‌మన్‌కు ముందే చెప్పి, ఓ గిన్నెలో నీళ్లు పెట్టించండి.