సారస్ కథ తిరిగింది బిడది దగ్గరే

దేశీయంగా డిజైన్ చేసిన 19 సీట్ల ప్రయాణికుల విమానం సారస్ మార్క్-2 మీద మళ్లీ వాదన మొదలైంది. కాన్పూర్‌లో ప్రభుత్వ విమానాల కంపెనీ హెచ్‌ఏఎల్ తయారుచేసే డోర్నియర్, 17 సీట్లతో 2022 నుంచి ప్రయాణికులను తిప్పుతుంటే ఇంకా ఇదెందుకని కొందరు అడుగుతున్నారు. సొంత డిజైన్‌ను వదులుకోకూడదని మిగతావాళ్ల మాట.

రష్యాతో పొత్తు, అది చెడటం, పోఖ్రాన్ తర్వాతి ఆంక్షలు చాలాసార్లు రాసినవే. అసలు మలుపు 2009 మార్చి 6న, బెంగళూరు పక్కన బిడది దగ్గర వచ్చింది.

ఆ రోజు రెండో నమూనా విమానంతో చేయాల్సిన పరీక్ష, గాల్లో ఒక ఇంజిన్‌ను కావాలని ఆపి మళ్లీ స్టార్ట్ చేయడం. సారస్‌లో ఇంజిన్లు తోక వైపు ఉంటాయి. ప్రొపెల్లర్లు వెనక నుంచి విమానాన్ని నెడతాయి. దీనివల్ల క్యాబిన్‌లో మోత తక్కువ, రెక్కల మీద గాలి చెదరదు. అయితే ప్రొపెల్లర్ ఎటున్నా ఒకటే నియమం: ఇంజిన్ ఆగినప్పుడు బ్లేడ్లను గాలికి అడ్డుపడకుండా తిప్పి ఉంచాలి. లేదంటే అదే ఒకవైపు బ్రేకు వేసేస్తుంది.

విమానం కూలింది. ఇద్దరు పైలట్లు, టెస్ట్ ఇంజినీరు చనిపోయారు. ముగ్గురూ వాయుసేన అధికారులే.

సిబ్బంది మధ్య సమన్వయం లోపించిందని, మొదటి ప్రయత్నం విఫలమయ్యాక కూడా పరీక్ష ఆపలేదని విచారణ నివేదిక అన్న మాట నిజమే. విమానాన్ని రూపొందించిన ప్రభుత్వ పరిశోధన సంస్థ ఎన్‌ఏఎల్‌ను వెనకేసుకొచ్చేవాళ్లు అక్కడితో ఆగిపోతారు. కానీ ప్రధాన కారణంగా రాసింది వేరు. ఇంజిన్‌ను మళ్లీ స్టార్ట్ చేసే విధానాన్నే డిజైనర్లు తప్పుగా రూపొందించారు, చాలినంత ఎత్తు లేనప్పుడు సిబ్బంది దాన్ని పాటించారు. పైగా ఆ విధానం రాసేటప్పుడు ప్రొపెల్లర్ తయారీదారును సంప్రదించనేలేదు. చేతికిచ్చిన కాగితం ప్రకారం నడుచుకున్నవాళ్లను ఎంతవరకు తప్పుపట్టగలం?

లెక్కలు తప్పడం అంతకుముందే మొదలైంది. 2004 మే 29న ఎగిరిన మొదటి నమూనా ఖాళీ బరువు 4,125 కిలోలు ఉండాలనుకుంటే 5,118 తేలింది. అప్పటి 14 సీట్ల సారస్‌కు ఇది చిన్న తేడా కాదు, పదిమందికి పైగా ప్రయాణికుల బరువు! దాని 850 హార్స్‌పవర్ ఇంజిన్ల స్థానంలో రెండో నమూనాకు 1,200 హార్స్‌పవర్‌వి పెట్టారు. బిడదిలో పోయింది ఆ విమానమే.

తర్వాత పని పడకేసింది, నిధులూ ఆగాయి. మార్పులు చేసిన మొదటి నమూనా 2018 జనవరి 24న మళ్లీ ఎగిరింది. నడిపింది మళ్లీ వాయుసేన పైలట్లే. తొలి విడతగా 15 మార్క్-2లు తీసుకుంటామని అప్పట్లో మాటిచ్చిందీ వాయుసేనే. డోర్నియరా, సారసా అన్నది తర్వాత. ఈసారి పరీక్ష విధానాలు రాసేటప్పుడు పైలట్లను, ప్రొపెల్లర్ కంపెనీని ముందే పిలిచి కూర్చోబెడతారా లేదా అన్నది ఎన్‌ఏఎల్ చెప్పాలి.