గొట్టాలో కొలిచిన నీరు, మడిలో తాగిన నీరు

వంశధార మీద ఏ చర్చ మొదలైనా చివరికి 115 అనే అంకె దగ్గరికే వస్తుంది. శ్రీకాకుళం జిల్లా గొట్టా బ్యారేజి ఉన్న చోట నదిలో ఏడాదికి 115 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే శతకోటి ఘనపుటడుగులు) దొరుకుతాయని లెక్కగట్టి, చెరిసగం పంచుకోవాలని ఒడిశా, ఆంధ్రప్రదేశ్ 1962 సెప్టెంబరు 30న ఒప్పుకున్నాయి. అంటే ఎవరి వాటా వారికి 57.5 టీఎంసీలు. తగవు ముదిరి 2010లో ట్రిబ్యునల్ ఏర్పడింది, 2017లో తీర్పు వచ్చింది. వాటా మాత్రం సగం సగంగానే నిలిచింది. ఇన్నేళ్ల వాదనలోనూ అందరూ కొలిచింది నదిని. టెక్కలి, పలాస వైపు కాలువ శివారు రైతు అడిగేది వేరు: కాలువకు వదిలిన నీటిలో పైరుకు చేరింది ఎంత?

ఆ ప్రశ్నకు చాలాకాలం జవాబుగా చెల్లిన మాట ‘డ్యూటీ’. బ్రిటిష్ కాలపు కాలువల నుంచి వచ్చిన కొలత ఇది. ఒక క్యూసెక్కు నీరు, అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, పంటకాలమంతా ఆగకుండా పారితే ఎన్ని ఎకరాలు పండుతాయో చెబుతుంది. టీఎంసీకి పదివేల ఎకరాలని మనం ఇప్పటికీ అనుకుంటూ ఉంటాం. ఒక టీఎంసీని పదివేల ఎకరాల మీద సమంగా పరిస్తే 70 సెంటీమీటర్ల లోతు నిలుస్తుంది, మోకాలు దాటి తొడ దాకా. అదంతా వరి తాగేది కాదు. కాలువ గట్లలో ఇంకేది, మడి అడుగుకు దిగిపోయేది, మురుగు కాలువలో కలిసేది అన్నీ ఆ లోతులోనే ఉన్నాయి. వాటిని విడదీసి చూపించే శక్తి డ్యూటీకి లేదు. గొట్టా ఎడమ కాలువ కింద దాదాపు 1.48 లక్షల ఎకరాల ఆయకట్టు ఉందని కాగితం చెప్పినా, చివరి తూము దగ్గర నీరు లేకపోవడానికి కారణం ఆ కాగితంలో కనబడదు.

విడదీసే పని వ్యవసాయ శాస్త్రవేత్తలు మడిలోనే మొదలుపెట్టారు. ఈ పద్ధతి నాకెంతో ఇష్టం, ఏ రైతుకైనా చూడగానే అర్థమవుతుంది కనుక. వరి మడిలో రెండు డ్రమ్ములు పాతుతారు, ఒకదానికి అడుగు ఉంటుంది, రెండోదానికి ఉండదు. రెండింటిలోనూ మడిలో వేసిన నారే నాటి, మడిలో ఎంత నీరుంటే అంతే నిలుపుతారు. మర్నాడు పొద్దున్నే స్కేలు పెట్టి చూస్తారు. అడుగున్న డ్రమ్ములో తగ్గిన నీరు ఆకుల నుంచి, నీటిపై నుంచి ఆవిరైనది. అడుగు లేని దానిలో అంతకన్నా ఎంత ఎక్కువ తగ్గిందో అది నేలలోకి ఇంకినది. ఇసుక నేలల్లో ఆ తేడా ఎంతో ఎక్కువ. పైరు తాగినది ఒకటి, మడి మింగినది ఒకటి అని వేలు పెట్టి చూపించే కొలత ఇది.

కానీ నదీ పరీవాహకమంతటా డ్రమ్ములు పాతలేం. అందుకే వాతావరణం నుంచి లెక్కగట్టే సూత్రాలు వచ్చాయి. అమెరికా పశ్చిమ ప్రాంతాల కోసం బ్లేనీ, క్రిడిల్ ఉష్ణోగ్రత, పగటి నిడివి ఆధారంగా ఒక సూత్రం ఇచ్చారు. ఇంగ్లండులో పెన్‌మన్ 1948లో ఎండ, గాలి, తేమలను కలిపారు. మాంటీత్ 1965లో ఆకు తన రంధ్రాలతో ఆవిరిని ఎంత అడ్డుకుంటుందో చేర్చారు. 1998లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దాన్నే ప్రామాణికం చేసింది: నీటి కొరత లేని 12 సెంటీమీటర్ల ఎత్తు పచ్చిక రోజుకు ఎంత ఆవిరి చేస్తుందో ముందు లెక్కగట్టి, ఆపై పంటను బట్టి హెచ్చించాలి. వరి బాగా ఎదిగిన దశలో ఆ గుణకం 1.2. పచ్చిక 4 మిల్లీమీటర్లు ఆవిరి చేసే రోజున వరి 4.8 చేస్తుంది. అంటే ఎకరానికి దాదాపు 19 వేల లీటర్లు.

ఇదంతా నీరు సరిపడా అందిన పైరు లెక్క. శివారులో ఎండిన మడికి ఇది వర్తించదు. నిజంగా ఆవిరైనది చూడాలంటే ఉపగ్రహం కావాలి. నీరు తాగుతున్న పొలం చల్లగా, ఎండిన పొలం వేడిగా ఉంటుంది. పడిన ఎండలో నేలను, గాలిని వేడెక్కించింది పోగా మిగిలినది నీటిని ఆవిరి చేసిందని లెక్క. నెదర్లాండ్స్ శాస్త్రవేత్త బాస్టియాన్సెన్ 1998లో ఈ దారి చూపించారు. అయితే ల్యాండ్‌శాట్ ఉపగ్రహం వేడిని పట్టే ఒక్కో గడి దాదాపు వంద మీటర్ల చదరం, అంటే రెండున్నర ఎకరాలు. శ్రీకాకుళంలో ఆ గడిలో ముగ్గురు నలుగురి కమతాలు ఇమిడిపోతాయి. పైగా ఒక ఉపగ్రహం 16 రోజులకోసారి వస్తుంది, ఊడ్పుల కాలమంతా మబ్బులే. మనకు అత్యవసరమైన ఖరీఫ్‌లోనే అది సరిగ్గా చూడలేదు. అందుకే డ్రమ్ముల్లో స్కేలు పెట్టి చూసేవారు, తూముల దగ్గర నీరు కొలిచే లస్కర్లు ఇప్పటికీ కావాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంకిన నీటి గురించి ఒక మాట. దాన్ని వృథా అని కొట్టేయడం తొందరపాటు. కాలువ ఎగువ మడుల్లో ఇంకింది దిగువ ఊళ్ల బావుల్లో తేలితే అది మళ్లీ పైరుకు అక్కరకొచ్చినట్టే. అదే నీరు మురుగు కాలువ పట్టి సముద్రంలో కలిస్తే తిరిగిరాదు. గొట్టా గేటు దగ్గర ఈ రెండూ ఒకే అంకెలో ఉంటాయి.